సవరణ: భూకంప రికార్డును హెచ్చించడమూ, డిజైన్ స్పెక్ట్రమ్‌కు సరిపోల్చడమూ ఒకటి కావు

అణు రియాక్టర్ల భూకంప భద్రతపై గత వారం రాసిన వ్యాసంలో, 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయ్నా డ్యామ్ దగ్గర వచ్చిన భూకంపపు రికార్డును దాని గరిష్ఠ త్వరణం డిజైన్ విలువకు సమానమయ్యేలా ఒకే గుణకంతో హెచ్చిస్తే, అది డిజైన్ స్పెక్ట్రమ్‌కు (వేర్వేరు సహజ పౌనఃపున్యాలున్న కట్టడాలూ పరికరాలూ గరిష్ఠంగా ఎంత స్పందిస్తాయని డిజైన్‌లో లెక్కలోకి తీసుకున్నారో చూపే వక్రరేఖకు) సరిపోలినట్లేనని రాశాను. అది తప్పు. ఇక్కడి తార్నాకలో ఉండే ఒక నిర్మాణ ఇంజనీరు దాన్ని ఎత్తిచూపారు, వారికి కృతజ్ఞతలు.

గుణకం స్పెక్ట్రమ్‌ను మొత్తంగా పైకో కిందికో జరుపుతుందే తప్ప దాని ఆకారాన్ని మార్చదు. గరిష్ఠ త్వరణం కుదిరినా, పైపులకూ పరికరాలకూ కీలకమైన పౌనఃపున్యం దగ్గర లోయ మిగిలిపోవచ్చు, మరోచోట శిఖరం అవసరానికి మించి లేవవచ్చు. సరిపోల్చడమంటే రికార్డులో తగిన క్షణాల వద్ద చిన్న తరంగికలను కలుపుతూ ఆ లోయలను పూడ్చి, శిఖరాలను తగ్గించడం. అమెరికా అణు నియంత్రణ సంస్థ సమీక్షా ప్రమాణాల్లోని ఒక పద్ధతి ప్రకారం, 5 శాతం డ్యాంపింగ్‌తో (కంపనం ఎంత త్వరగా అణిగిపోతుందో చెప్పే కొలతతో) లెక్కించిన స్పెక్ట్రమ్ ఏ పౌనఃపున్యం దగ్గరా లక్ష్యం కంటే 10 శాతానికి మించి తగ్గకూడదు, 30 శాతానికి మించి పెరగకూడదు. ఇలా మార్చిన తర్వాత వేగం, స్థానభ్రంశం గ్రాఫులను కూడా చూడాలి. లేకుంటే కంపనం ఆగాక కూడా నేల ఒక పక్కకు జరుగుతూనే ఉన్నట్లు లెక్క చూపవచ్చు. (ఈ తనిఖీని నేను ప్రస్తావించనైనా లేదు.)

కొయ్నా ఉదాహరణే సరైన ఎంపిక కాదేమో. అది డ్యామ్ గ్యాలరీలో (కట్టడం లోపలి నడవాలో) నమోదైన రికార్డు కనుక, అందులో కట్టడం ప్రభావం కలిసి ఉండే అవకాశముంది. దాన్ని బయటి నేల కదలికగా నేరుగా తీసుకోలేం. ఆ పేరానూ, దాని కింది పటాన్నీ వ్యాసం నుంచి తొలగించాను.