మా ఊరికి ఆరు టోపీలు పెట్టారు

టోపీ పెట్టడం అంటే ఏంటో మా కోనసీమలో ఎవర్నడిగినా చెప్తారు. చిట్టీలవాడు పెట్టాడు, రొయ్యల మేతవాడు పెట్టాడు, కానీ మైకు పెట్టి, బ్యానర్ కట్టి, టీ బిస్కెట్లిచ్చి ఊరందరికీ ఒకేసారి టోపీ పెట్టడం మాత్రం మొన్న సార్వాలోనే, అంటే వానాకాలం పంటప్పుడే, చూశాను.

చేలు మునిగాయండి. మురుగుకాలవ నిండా గుర్రపుడెక్క, కుక్క నడిచెళ్ళిపోయేంత దట్టంగా. పూడిక తియ్యమని అర్జీ పెడితే పొక్లెయిన్ రాలేదు, ట్రైనర్ వచ్చాడు. సమస్యని అనేక కోణాల్లో చూడటం మీద అవగాహన సదస్సంట.

ఎడ్వర్డ్ డి బోనో అని మాల్టాలో పుట్టినాయన 1985లో చెప్పిన ఆరు టోపీల పద్ధతి. తెల్ల టోపీకి లెక్కలు, ఎర్రదానికి మనసులో మాట, నల్లదానికి నష్టం, పసుపుదానికి లాభం, ఆకుపచ్చదానికి కొత్త ఐడియా, నీలంది చర్చ నడిపేవాడికి. పద్ధతి మంచిదే, ఆయన మా కాలవ చూసి చెప్పలేదు కదా పాపం.

తెల్ల టోపీ మా బాబాయ్‌కి పెట్టారు. "ఎకరంన్నర, కౌలుదండి, తొమ్మిది రోజుల్నించి నీళ్ళలోనే ఉంది" అన్నాడు. చప్పట్లు కొట్టించారు! ఆకుపచ్చ టోపీ కుర్రాడు, మునిగినా రెండు వారాలు తట్టుకునే స్వర్ణ సబ్-1 వరి వేద్దాం అన్నాడు, "మరి పదిహేనో రోజో?" అని వెనకనించి ఎవరో అంటే టోపీ లేకుండా మాట్లాడకూడదని ట్రైనర్ గారు కోప్పడ్డారు. పసుపు టోపీ మావయ్యకి. మునిగినందువల్ల లాభం చెప్పాలి. చాలాసేపు ఆలోచించి "కోత కూలి మిగిలిందండి" అన్నాడు. ఎర్ర టోపీ పెట్టుకుని మా అత్త అన్నది ఇక్కడ రాయలేను.

చివర్లో ట్రైనర్, అధికారుల కోణంలోంచి కూడా చూడాలండీ అన్నాడు. ఎందుకు చూడాలయ్యా? 1852కే ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి నీళ్ళు తెచ్చారు, ఆ నీళ్ళు బయటికి పోయే దారి మాత్రం ఇప్పటికీ మేమే అడుక్కోవాలా? 2011లో ఇక్కడి రైతులు క్రాప్ హాలిడే అని సార్వా మానేసి చేలు బీడు పెట్టుకుంటే అది కోణంలా కనపడలేదా ఎవడికీ? గట్టు మీదకొచ్చి మోకాలిలోతు నీళ్ళలో ఒక్క పూట నిలబడమని ఆఫీసులో కూర్చున్నోడికి ఏ రంగు టోపీ పెట్టరేం? అన్ని కోణాలూ మునిగినోడే చూడాలా!

సాయంత్రం వెళ్తా వెళ్తా ట్రైనర్ గారి కారు గట్టు బురదలో దిగిపోయింది. బాబాయ్ ఇంకా తెల్ల టోపీ తియ్యలేదు. "ఏ కోణంలోంచి నెట్టమంటారండీ?" అనడిగాడు.

"వెనకనించి నెట్టండి బాబూ, చీకటి పడిపోతంది!"

ఆయ్, అలాగేనండి అన్నాం గానీ ఎవరం కదల్లేదు. ముందు నీలం టోపీవాడు చర్చ మొదలెట్టాలి కదా, వాడేమో టీకెళ్ళాడు.