సవరణ: వాడని గదుల్లో హీటర్ ఆపేసే విషయం

పాత ఇంట్లో చలికాలం వాడని గదులకు హీటర్ ఆపేసి తలుపు మూసేస్తే చాలని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా అలాగే చేసి ఉంటే, దయచేసి ఈరోజే ఆ గది ఒకసారి తెరిచి చూడండి.

నేను వదిలేసిన సంగతి తేమ. వంటింట్లో, స్నానాల గదిలో పుట్టిన ఆవిరి తలుపు కింది సందులోంచి చల్లటి గదిలోకి చేరుతుంది. 20 డిగ్రీల వేడిలో 50 శాతం తేమ ఉన్న గాలి, దాదాపు 9 డిగ్రీలున్న గోడకు తగిలితే చాలు, నీరు వదిలేస్తుంది. బీరువాను గోడ నుంచి జరిపి చూడండి: మొదట దాని వెనక చెక్క చెమ్మగా తగులుతుంది, తర్వాత మూలల్లో నల్లటి బూజు చుక్కలు కనిపిస్తాయి. కాబట్టి తలుపు సందులు మూయాలి, బట్టలు, పుస్తకాలు ఆ గదిలో ఉంచకూడదు.

పైపుల గురించి అసలు రాయనే లేదు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పైపు పగులుతుంది. మంచు కరిగాక గానీ కారడం తెలియదు. ఆ గదికి వెళ్లే నీళ్లు కట్టేసి, కుళాయిలు తెరిచి పూర్తిగా ఖాళీ చేయండి. సింకు కింది వంపులో నిలిచే నీళ్లను మరిచిపోకండి. వేడినీళ్లతో నడిచే రేడియేటర్ ఉంటే దానికీ ఇదే ప్రమాదం.

పైపులు ఖాళీ చేయడం కుదరకపోతే హీటర్ పూర్తిగా ఆపకండి, 12 డిగ్రీల దగ్గర ఉంచండి.