కాబోలో ఒంటిపూట టూరు: వదినకీ మరిదికీ వాదన

మెక్సికోలో బాహా ద్వీపకల్పం చిట్టచివర కాబో సాన్ లూకాస్ అనే ఊరుంది. అమెరికాలో ఉండే మనవాళ్లు చలికాలం సెలవులకి అక్కడికి వెళ్తుంటారు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మన పాస్‌పోర్టు వాళ్లకి మెక్సికో వీసా అక్కర్లేదు కాబట్టి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లొచ్చు. అలా బయల్దేరబోతున్న ఒక కుటుంబంలో వదినకీ మరిదికీ మధ్య వాదన ఇది. అక్కడ హోటళ్లలో ఒంటిపూట టూరు అమ్ముతారు. పొద్దున్నే గైడ్‌తో బస్సులో పక్క ఊరు సాన్ హొసే చూపించి, తర్వాత అడుగున గాజు బిగించిన పడవలో సముద్రంలోని రాతి తోరణం దాకా తిప్పి, మధ్యాహ్నానికి హోటల్లో దింపుతారు. అది తీసుకోవాలా వద్దా అన్నదే గొడవ. నేను వదిన పక్షం. అయితే మరిది మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి, వాటినీ ఉన్నవి ఉన్నట్టే రాశాను.

మరిది: వదినా, టూరు బుక్ చేస్తున్నారని అన్నయ్య చెప్పాడు. దయచేసి వద్దు. నలభై మందిని బస్సులో కుక్కి, "జరగండి, జరగండి" అంటూ తిరుమలలో దర్శనం చేయించినట్టు చేయిస్తారు. అంత డబ్బు పోసి వెళ్లి, ఎవడో ఈల వేస్తే బస్సెక్కడమేంటి?

వదిన: మరి నువ్వేం చేద్దామంటావు?

మరిది: మెరీనాకి, అదే పడవలు కట్టే రేవుకి, మనమే వెళ్దాం. అక్కడ పాంగాలు వరసగా ఉంటాయి, చిన్న ఫైబర్ పడవలు, పడవవాళ్లే పిలుస్తారు. ఒకటి మాట్లాడుకుంటే మన ఇంట్లోవాళ్లమే ఉంటాం. తోరణం దగ్గర ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆపుతాడు. లవర్స్ బీచ్‌లో దిగుదాం, పులిహోర కట్టుకెళ్దాం, ఓ రెండు గంటలు కూర్చుని వద్దాం.

వదిన: దిగడం అన్నావు చూడు, అక్కడ ఎలా దిగాలో తెలుసా నీకు? ఆ బీచ్‌కి రేవు లేదు. పడవ ముందు భాగాన్ని ఇసుకకి ఆనించి, అల వెనక్కి తగ్గగానే దూకమంటాడు. దూకేది నీళ్లలోకే. ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంకో అల వచ్చి పడవని పైకి లేపుతుంది, కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. పోయినేడు మేం వెళ్లినప్పుడు నా కళ్లముందే ఒకావిడ చెప్పులు, బ్యాగు, ఫోను అన్నీ తడిపేసుకుని మోకాళ్ల మీద పడింది. ఆవిడకి నా వయసే ఉంటుంది. అత్తయ్యగారేమో మెట్లు దిగాలంటేనే నా భుజం పట్టుకుంటారు.

మరిది: మా అమ్మ సంగతి నాకు తెలీదా? అమ్మ దిగకపోతే పడవలోనే కూర్చుంటుంది. అయినా మీ టూరు పడవ అక్కడ ఆగను కూడా ఆగదు కదా. దూరం నుంచి చూపించి తిప్పుకొచ్చేస్తారు. అదేం చూడటం?

వదిన: ఆగకపోవడమే మంచిదని అక్కడికి వెళ్లాక నాకు అర్థమైంది. ఆ బీచ్ గురించి చెప్తా విను, ఎందుకంటే నీలాంటి వాళ్లే అక్కడ ఇబ్బందుల్లో పడతారు. అది రాళ్ల మధ్య ఒక ఇసుక పట్టీ. ఒక పక్క కాలిఫోర్నియా సింధుశాఖ, నిండు చెరువులా నిమ్మళంగా ఉంటుంది, ఈత కొడుతుంటారు. అదే ఇసుకలో రాళ్ల సందులోంచి నాలుగడుగులు అవతలికి నడిస్తే పసిఫిక్. దానికి డివోర్స్ బీచ్ అని పేరు పెట్టారు. పేరు సరదాగా ఉందని అందరూ ఫొటోలకి అటు వెళ్తారు. అక్కడ గట్టు నిటారుగా ఉంటుంది, అల దూరంగా విరగదు, సరిగ్గా నీ కాళ్ల దగ్గర విరుగుతుంది, విరిగి మొత్తం ఇసుకతో సహా లోపలికి లాక్కెళ్తుంది. నాలుగైదు అలలు చిన్నవి వస్తాయి, ఫర్వాలేదనిపిస్తుంది, ఆ తర్వాతిది పెద్దది వస్తుంది. బీచ్ దగ్గరికి రాగానే మా గైడ్ పడవ ఇంజిన్ తగ్గించి, నవ్వు మానేసి, ఈ మాటలన్నీ చెప్పాడు. నువ్వు బేరమాడి తీసుకొచ్చే పడవవాడు నీకు ఇదంతా చెప్తాడా? దింపేసి, తిరిగి వస్తానన్న టైము స్పానిష్‌లో చెప్పి వెళ్లిపోతాడు. పిల్లలు ఏ పక్కకి పరిగెత్తుతారో నువ్వు చూసుకోవాలి.

మరిది: నాకు ఈత వచ్చు వదినా.

వదిన: నీకొచ్చింది అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ ఈత. ఆ ఒడ్డున ఉన్న హోటళ్లే నీళ్లలోకి దిగొద్దని బోర్డులు పెట్టాయి.

మరిది: సరే, సముద్రం విషయంలో మీ మాటే ఒప్పుకుంటా. కానీ టూరంటే సముద్రం ఒక్కటే కాదు కదా. మెక్సికోలోనే అటు చివర కాన్‌కూన్ వెళ్లినప్పుడు, మాయా జనం పిరమిడ్ ఉన్న చిచెన్ ఇట్సాకి టూరు తీసుకున్నాం, గుర్తుందా? రెండు వందల కిలోమీటర్ల దూరం. దారిలో వెండి నగల కొట్టు దగ్గర ఆపాడు, రాళ్ల బొమ్మల కొట్టు దగ్గర ఆపాడు, భోజనం దగ్గర ఇంకో కొట్టు. చివరికి పిరమిడ్ దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, బస్సు టైమైపోతోందని గైడే కంగారు పెట్టాడు. కాబో టూరులో గాజు ఫ్యాక్టరీ ఉంది కదా? కరిగిన గాజు ఊది గ్లాసులు చేసి చూపించడం, ఆ పక్క గదిలోనే అమ్మకం. అక్కడ మనం కొన్న ప్రతి గ్లాసు మీదా గైడ్‌కి కమిషన్ ఉంటుంది. మన పొద్దుట్నుంచి అరగంట కోసి వాళ్లు అమ్ముకుంటున్నారు, దానికి మనమే టికెట్ కొంటున్నాం!

వదిన: గాజు ఊదడం పిల్లలకి నచ్చింది. కొలిమి ముందు నిలబడి ఆ గొట్టం తిప్పుతూ ఊదుతుంటే నేనూ కదలకుండా చూశాను. కానీ నువ్వన్నది తప్పని అనను. కొట్ల దగ్గర ఆపడం నాకూ ఒళ్లు మండుతుంది. బుక్ చేసేముందు ఎక్కడెక్కడ ఆపుతారు, ఎంతసేపు ఆపుతారు అని అడిగి, కొట్లు ఎక్కువున్నది వదిలేస్తా.

మరిది: ఇంకోటి. ఒంటిపూటలో సాన్ హొసేకి వాళ్లిచ్చేది ఎంత? పావుగంట, ఇరవై నిమిషాలు. కాబో అంతా కొత్త ఊరు, హోటళ్లు, బార్లు. అసలు పాత ఊరు సాన్ హొసేనే. 1730లో జెసూట్ పాదరీలు మిషన్, అంటే మతప్రచార కేంద్రం, పెట్టిన చోటు. చర్చి తలుపు మీద రంగు పలకలతో అతికిన బొమ్మ ఉంటుంది, చదివాను నేను. 1734లో అక్కడి పెరికూ జనం తిరగబడి పాదరీ నికోలస్ తమరాల్‌ని చంపడం అందులో ఉంది. అది ఎవరి కథ వదినా? బొమ్మ వేయించింది చర్చి. చచ్చిపోయిన పాదరీకి తలుపు మీద చోటుంది. ఎందుకు తిరగబడ్డారో ఆ బొమ్మలో లేదు. వాళ్ల పెళ్లిళ్ల పద్ధతి మార్చమన్నారు, ఒకరికంటే ఎక్కువ భార్యలుంటే తప్పన్నారు, పైగా బయటివాళ్లతో వచ్చిన జబ్బులకి జనం రాలిపోయారు. ఆ శతాబ్దం అయ్యేసరికి పెరికూ భాష మాట్లాడేవాడే మిగల్లేదు. ఇరవై నిమిషాల్లో గైడ్ ఇదంతా చెప్తాడా? "అందమైన చర్చి, ఫొటో దిగండి, ఐస్‌క్రీం అక్కడ" అంటాడు.

వదిన: (కాసేపు ఆగి) మా గైడ్ పాదరీ చనిపోవడం చెప్పాడు. పెరికూ జనం పేరు కూడా చెప్పాడు. భాష పోయిందని మాత్రం చెప్పలేదు. నువ్వు ఇప్పుడు చెప్పేదాకా నాకు తెలీదు.

మరిది: చూశారా!

వదిన: చూశా. కానీ గైడ్ చెప్పకపోతే ఆ బొమ్మ కింద నిలబడే వాళ్లలో ఎందరికి ఆ మాత్రమైనా తెలుస్తుంది? నువ్వు రాత్రంతా కూర్చుని చదివి వస్తావు. మామయ్యగారు చదివి వస్తారా? ఆయనకి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి చెప్పాలి, తిరిగి ప్రశ్నలు అడగాలి, అప్పుడే ఆయనకి చూసినట్టు. నీకు పుస్తకం చాలు. ఇంట్లో అందరూ నీలా ఉండరు కదా.

మరిది: నాన్నకి నేను చెప్తాగా. సరే, డబ్బు సంగతికొద్దాం. టూరుకి ఒక్కొక్కరికీ వసూలు చేస్తారు, కొన్నిటికి రేవు రుసుం మళ్లీ విడిగా కట్టాలి. పాంగా అయితే వాడు చెప్పినదాంట్లో సగానికి బేరమాడొచ్చు...

వదిన: ఇదిగో, ఇక్కడే నాకు కోపమొస్తుంది. ఎందుకు సగానికి? వాడి పెట్రోలు సగానికి వస్తుందా?

మరిది: బేరం ఆడతారని తెలిసే ఎక్కువ చెప్తారు వదినా. కోఠిలో మీరు చీర బేరం చెయ్యరా? కొట్టువాడు వెయ్యి అంటే ఆరు వందలు అనరా?

వదిన: చీర కొట్టువాడికి మర్నాడు ఇంకో గిరాకీ వస్తుంది. ఈ పడవవాళ్లకి తుఫాను నెలల్లో పనుండదు. 2014 సెప్టెంబర్‌లో ఒడీల్ తుఫాను వచ్చి ఊరు ఊరంతా చితికిపోయింది, వారాల తరబడి విమానాశ్రయం మూతపడింది, టూరిస్టే లేడు. అలాంటి మనిషి దగ్గర పది డాలర్ల కోసం నిలబడి పీక్కుంటామా, మళ్లీ ఆ పదీ బార్‌లో ఒక్క డ్రింకుకి పోస్తాం!

మరిది: మరి మీ టూరు కంపెనీ ఆ పడవవాడికి ఎంతిస్తుందనుకుంటున్నారు? మీరు కట్టేదాంట్లో హోటల్ డెస్క్‌కి ఒక ముక్క, కంపెనీకి ఒక ముక్క, బస్సుకి ఒక ముక్క. నేను సగానికి బేరమాడినా అది నేరుగా వాడి చేతిలో పడుతుంది. మీరు బేరమాడకుండా కట్టిందేమో మధ్యలోనే ఆగిపోతుంది. ఎవరం వాడికి మేలు చేసినట్టు?

వదిన: ... ఆ మాట ఒప్పుకుంటా. అందుకే పడవ దిగేటప్పుడు టిప్పు వాడి చేతికే ఇస్తా, గైడ్‌కి వేరుగా ఇస్తా. పెసోల్లో ఇస్తా. నువ్వు కూడా ఇవ్వాలి, అప్పుడు ఫోన్ చూసుకుంటూ ముందుకు నడిచి వెళ్లిపోకు.

మరిది: నేనెప్పుడు వెళ్లిపోయాను?

వదిన: కాన్‌కూన్‌లో.

మరిది: అది కొట్ల గైడ్! వాడికెందుకిస్తా! సరే, అది వదిలెయ్యండి. మీకు సముద్రమే కావాలంటే కాబో పుల్మో వెళ్దాం. వంద కిలోమీటర్లు ఉంటుంది, దారి చివర మట్టిరోడ్డు. అక్కడ చేపలు పట్టి బతికే కుటుంబాలే చేపలు తగ్గిపోతున్నాయని వల మానేసి, రక్షించమని ప్రభుత్వాన్ని అడిగాయి. 1995లో జాతీయ పార్కు అయింది. 1999 నుంచి 2009 లోపు అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగిందని శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అది చూడాలి వదినా. గీతలు పడిన గాజులోంచి పచ్చటి నీళ్లు చూడటం కాదు.

వదిన: వెళ్దాం, నాకూ చూడాలనుంది. అయితే అక్కడ డైవింగ్‌కి ఎవరితో వెళ్తావు? నీకు నువ్వే పడవేసుకుని వెళ్తే కుదరదు. అనుమతి ఉన్నవాళ్లతోనే డైవింగ్‌కి వెళ్లాలి. నువ్వు చెప్పిన ఆ చేపలు పట్టిన కుటుంబాలే ఇప్పుడు గైడ్లు. ఏ రాయి దగ్గర ఏ చేప ఉంటుందో, ఏ పూట నీటి లాగుడు ఎటుంటుందో వాళ్లకి తెలుసు కాబట్టే వాళ్ల చేతిలో పెట్టారు. గైడ్ వద్దని పొద్దుట్నుంచి నాతో వాదించి, నాకు చూపించిన చోటేమో గైడ్ లేనిదే డైవింగ్‌కి వెళ్లనివ్వనిది!

మరిది: అక్కడ ఆరేడుగురే ఉంటారు, గాజు ఫ్యాక్టరీ ఉండదు.

వదిన: అంటే నీ గొడవ గైడ్‌తో కాదు, గుంపుతోనూ కొట్లతోనూ. అది చెప్పు, నేనూ నీతోనే ఉన్నా. చిన్న వ్యాన్‌లో పదిమందిని తీసుకెళ్లేవాళ్లు కూడా ఉన్నారు, కాస్త ఎక్కువవుతుంది, అది చూస్తా.

మరిది: ఇంకొక్కటి. ఓడలొచ్చే రోజు వద్దు. పెద్ద ఓడలు అఖాతంలో లంగరేసి, చిన్న పడవల్లో జనాన్ని దింపుతూనే ఉంటాయి. ఆ రోజు తోరణం దగ్గర పడవ మీద పడవ, ఇంజిన్ల మోతకి రాళ్ల మీద పడుకున్న సీ లయన్లు కూడా నీళ్లలోకి దూకేస్తాయి. పొద్దున ఏడింటికైతే సముద్రం నిలకడగా ఉంటుంది, జనం ఉండరు. మీ టూర్లన్నీ తొమ్మిది తర్వాతే మొదలవుతాయి.

వదిన: ఏడింటి సంగతి నిజమే. గాలి లేచాక తోరణం అవతల పసిఫిక్ వైపు పడవ బాగా ఊగుతుంది, మా ట్రిప్పులో ఇద్దరికి వాంతులయ్యాయి. ముందు పడవ, తర్వాత బస్సు ఉన్న టూరు దొరుకుతుందేమో అడుగుతా. అత్తయ్యగారు ఒకటే అడిగారు, పడవలో బాత్రూం ఉంటుందా అని.

మరిది: పాంగాలో ఎక్కడుంటుంది? మరేం చెప్పారు?

వదిన: ముప్పావుగంట తిరుగుతుంది, ఎక్కేముందు మెరీనాలో వెళ్లి రావచ్చన్నా. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో అడిగారు. వస్తానన్నారు.

మరిది: బుక్ చెయ్యండి. కానీ గురువారం సాయంత్రం సాన్ హొసే నాకు వదిలెయ్యండి. నవంబర్ నుంచి జూన్ దాకా గురువారాలు గ్యాలరీల వీధిలో బొమ్మలు వేసేవాళ్లు తలుపులు తీసి కూర్చుంటారు, వీధంతా నడిచే జనమే. కారు అద్దెకి తీసుకుంటా, తొమ్మిదింటి దాకా ఎవరూ "బస్సు" అనకూడదు.

వదిన: అనం. కారుకి మెక్సికో ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి, అమెరికా పాలసీ అక్కడ పనికిరాదు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో.