అచ్చాపీసు నుంచి అధికారం నడిపిన థర్లో వీడ్

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పత్రిక నడుపుతూ న్యూయార్క్ రాష్ట్ర రాజకీయాల్ని శాసించిన థర్లో వీడ్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆయన పేదరికం దగ్గరే ఆగిపోతారు. నిజమే, 1797లో న్యూయార్క్ రాష్ట్రంలోని కైరో అనే ఊళ్లో పుట్టాడు, తండ్రి బండి తోలేవాడు, అప్పు తీర్చలేక జైలుకి కూడా వెళ్లాడు. వీడ్ ఎనిమిదేళ్లకే కొలిమి దగ్గర తిత్తులు ఊదాడు. ఫ్రెంచ్ విప్లవం మీద ఎవరి దగ్గరో ఒక పుస్తకం ఉందని తెలిసి, బూట్లు లేక పాత తివాచీ ముక్కలు కాళ్లకు చుట్టుకుని మంచులో నడిచి వెళ్లి తెచ్చుకున్నాడట. ఇవన్నీ బాగానే ఉంటాయి కానీ, ఆయన్ని నాయకుణ్ని చేసింది పేదరికం కాదు, చేతిలో ఉన్న పని. అచ్చాపీసులో అక్షరాలు కూర్చే పని.

అప్పట్లో అమెరికాలో ఓటు చీటీలు ప్రభుత్వం అచ్చువేసేది కాదు, పార్టీలే తమవాళ్ల పేర్లతో వేయించి పంచేవి. అంటే అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉంటే రాజకీయంలో సగం వాళ్ల చేతిలో ఉన్నట్టే. 1824 అధ్యక్ష ఎన్నికల్లో న్యూయార్క్ ఎలక్టర్లను, అంటే రాష్ట్రం తరఫున అధ్యక్షుడికి ఓటేసేవాళ్లను, జనం కాదు, రాష్ట్ర శాసనసభే ఎన్నుకోవాలి. రాష్ట్రంలో పట్టున్న నాయకుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ వర్గం తమ అధ్యక్ష అభ్యర్థి క్రాఫర్డ్‌ని గెలిపించుకుంటామని ధీమాగా ఉంది. ఆడమ్స్ పక్షాన ఉన్న వీడ్ ఏం చేశాడంటే, ఆడమ్స్ మనుషుల్నీ, మరో అభ్యర్థి క్లే మనుషుల్లో కొందర్నీ కలిపి ఒకే జాబితాగా చీటీ రహస్యంగా అచ్చువేయించాడు. పెట్టె తెరిచి చూస్తే వాన్ బ్యూరెన్ వాళ్లకి నోట మాట రాలేదు. చివరికి రాష్ట్రంలోని 36 ఓట్లలో ఆడమ్స్‌కి 26 వచ్చాయి, క్లేకి దక్కినవి నాలుగే. దేశం మొత్తం మీద క్లే 37 ఓట్లతో నాలుగో స్థానానికి పడిపోయి, ఎవరికీ మెజారిటీ రాక ప్రతినిధుల సభలో మొదటి ముగ్గురి మధ్య జరిగిన తుది పోటీకి అర్హతే కోల్పోయాడు.

ఆ తర్వాత 1825లో ఒకసారి, 1830లో ఇంకోసారి వీడ్ రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. అప్పుడు పదవీకాలం ఏడాదే. మళ్లీ పోటీ జోలికి పోలేదు. 1830లోనే ఆల్బనీలో 'ఈవెనింగ్ జర్నల్' పత్రిక మొదలుపెట్టి, తన సన్నిహితుడు విలియం సీవార్డ్‌ని రాష్ట్ర గవర్నర్‌గా గెలిపించి, తన విగ్ పార్టీ పైచేయి సాధించాక 1840లో ప్రభుత్వ ముద్రణ కాంట్రాక్టు కూడా తనే పట్టాడు. నాకు మింగుడుపడనిది ఇక్కడే. ఓటరు దించేయగలిగే కుర్చీ వదిలేసి, ఎవరూ దించలేని చోట కూర్చున్నాడు. ప్రభుత్వ డబ్బుతో బతికే పత్రిక ఆ ప్రభుత్వాన్ని నిలదీస్తుందని ఎలా అనుకోగలం? సభ్యులు బిల్లుల కోసం ఆయన చుట్టూ తిరిగేవాళ్లు, జనం ఆయన్ని 'డిక్టేటర్' అనేవాళ్లు.

ఆ పద్ధతే తిరిగి దెబ్బకొట్టింది. 1860లో న్యూయార్క్ నగర వీధుల్లో గుర్రపు ట్రామ్ లైన్ల అనుమతులు ఇప్పించి, ఆ కంపెనీల నుంచి సీవార్డ్ ఎన్నికలకి డబ్బు రాబట్టాలని చూశాడన్న మాట గట్టిగా వినిపించింది. షికాగోలో అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగిన రిపబ్లికన్ పార్టీ సభలో అధ్యక్ష అభ్యర్థిత్వం సీవార్డ్ చేజారి లింకన్‌కి వెళ్లింది. అందుకు కారణాలు చాలానే ఉన్నాయి, కానీ అక్కడ సీవార్డ్‌కి వ్యతిరేకంగా పట్టుబట్టి తిరిగినవాళ్లలో పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీ ఒకడు. అతనూ కంపోజింగ్ నేర్చుకుని పైకొచ్చినవాడే, ఒకప్పుడు వీడ్ పిలిచి పత్రిక అప్పగించిన మనిషే. పార్టీకి అంత చాకిరీ చేయించుకుని తనకి ఒక్క పదవీ ఇవ్వలేదని 1854లోనే సీవార్డ్‌కి ఉత్తరం రాసి తెగదెంపులు చేసుకున్నాడు.