యూనిట్లు పెరిగినంత మాత్రాన వృద్ధి పెరిగినట్టేనా?

దేశంలో తలసరి విద్యుత్ వినియోగం 2013-14లో 957 యూనిట్లు ఉండగా, 2023-24 నాటికి 1,395 యూనిట్లకు చేరింది. ఈ పెరుగుదలను ఆర్థిక ప్రగతికి కొలమానంగా చూపడం ప్రభుత్వాలన్నింటికీ అలవాటు. ప్రపంచ సగటులో ఇది సగం కూడా లేదు కాబట్టి మన వాడకం ఇంకా పెరగవలసిందే, అందులో సందేహం లేదు. అయితే వాడకం పెరిగితే వృద్ధి దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని మాత్రం గట్టిగా ప్రశ్నించాలి.

ఇంధన వినియోగం వృద్ధిని తెస్తుందా, వృద్ధే వినియోగాన్ని పెంచుతుందా అన్న చర్చ 1978 నుంచీ నడుస్తోంది. ఆ ఏడాది జాన్ క్రాఫ్ట్, ఆర్థర్ క్రాఫ్ట్ అమెరికా గణాంకాలను పరిశీలించి, ఆదాయం పెరగడం వల్లే ఇంధన వాడకం పెరుగుతోందని తేల్చారు. వర్ధమాన దేశాల మీద తర్వాత వచ్చిన పరిశోధనల్లో కొన్ని ఇదే మాట చెబితే, కొన్ని సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెప్పాయి. ఈ పొంతన లేనితనానికి గణిత పద్ధతుల్లోని తేడాలు కొంతవరకే కారణమని నా అభిప్రాయం. ఏ వేళకు, ఏ నాణ్యతతో, ఎవరి చేతికి అందిందన్నది చూడకుండా ప్రతి యూనిట్‌నూ ఒకే గాటన కట్టడమే అసలు లోపం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవమే ఇందుకు సాక్ష్యం. 2012-13లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు ప్రకటించారు. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దేశ గ్రిడ్‌తో కలిసేదాకా, బయట కరెంటు దొరికినా కావలసినంత తెచ్చుకునే దారి లేదు. కొలిమిలో లోహం కరుగుతుండగా కరెంటు పోతే ఫౌండ్రీకి కలిగే నష్టం ఆగిపోయిన గంటతో తీరదు. ఆ బ్యాచ్ మొత్తం పాడవుతుంది, ఆర్డరు ఆలస్యమవుతుంది, కూలీలకు ఆ రోజు పని ఉండదు. డీజిల్ జనరేటర్ పెట్టుకోగలిగిన పెద్ద పరిశ్రమలు గట్టెక్కాయి కానీ చిన్నవాటికి ఆ స్తోమత ఎక్కడిది? ఇంత నష్టమూ వినియోగ గణాంకాల్లో కాసిన్ని యూనిట్ల తగ్గుదలగా మాత్రమే కనిపిస్తుంది.

పొలంలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఇచ్చారు. అది రైతుకు నిజమైన ఆసరా అయింది, దాన్ని తప్పుపట్టలేం. కానీ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రైతులు కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. అర్ధరాత్రి సరఫరా రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగేవి. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి వోల్టేజీ పడిపోయేది, వైండింగ్‌లు కాలిపోయేవి, మడి నిండినా నీరు పారుతూనే ఉండేది. చీకట్లో మోటారు వేయడానికి వెళ్లి పాము కాటుకో, కరెంటు షాక్‌కో ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలుపెట్టిన తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరిందంటే, ఆ వృథా ఎంత పెద్దదో ఊహించవచ్చు. అలా పారిపోయిన నీటికి ఖర్చయిన యూనిట్లు కూడా తలసరి వినియోగంలో చేరాయి, పంటకు మాత్రం చేరలేదు.

గుజరాత్ 2003లో మొదలుపెట్టిన జ్యోతిగ్రామ్ పథకం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. వ్యవసాయ ఫీడర్లను, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైన్లను వేరుచేసి, వాటికి ముందే చెప్పిన వేళల్లో నాణ్యమైన కరెంటు ఇచ్చారు. ఊళ్లోని ఇళ్లకు, పిండిమరలకు, వెల్డింగ్ షాపులకు రోజంతా త్రీ ఫేజ్ సరఫరా అందింది. సరఫరా వేళలు ముందే తెలిస్తేనే పల్లెలో ఎవరైనా యంత్రం కొనే ధైర్యం చేస్తారు. ఇంధనం వృద్ధిగా మారడంలో కీలకం ఈ భరోసాయేనని నేను భావిస్తాను.

ఇక లెక్కల విషయానికొస్తే, మీటరు లేని బోర్ల వాడకం డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) అంచనా మాత్రమే. సరఫరా నష్టాల్లో కొంత భాగాన్ని కూడా వ్యవసాయ ఖాతాలో రాసేసే వీలు అక్కడే ఉంది. మోటారుకు మీటరంటే రేపు బిల్లు వస్తుందన్న రైతు భయం అకారణమైనది కాదు. విద్యుత్ ఛార్జీల పెంపును వ్యతిరేకించిన నిరసనకారుల మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పులను తెలుగు నేల మరిచిపోలేదు. అందువల్ల బోరు జోలికి పోకుండా, వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే మీటరు పెట్టి, నెలనెలా ఆ రీడింగులతో పాటు సరఫరా గంటలనూ వోల్టేజీనీ డిస్కంలు ప్రజల ముందు పెట్టాలి. విద్యుత్ నియంత్రణ మండళ్లు టారిఫ్ ఆమోదానికి దీన్ని షరతుగా విధించాలి.