మ్యెల్బీని ఎవరూ ఎత్తుకెళ్లలేరు, మన హైదరాబాద్ ఎఫ్‌సీని ఎత్తుకెళ్లిపోయారు

2025 అక్టోబర్ 20న గోథెన్‌బర్గ్ వెళ్లి 2-0తో గెలిచి, ఇంకా మూడు మ్యాచ్‌లు చేతిలో ఉండగానే మ్యెల్బీ అనే చిన్న క్లబ్ ఫుట్‌బాల్‌లో స్వీడన్ ఛాంపియన్ అయిపోయింది. బాల్టిక్ సముద్రం ఒడ్డున హెల్లెవిక్ అని చేపల వేట మీద బతికిన ఊరు, జనం ఓ 800 మంది, 1939లో పుట్టిన క్లబ్, అప్పటిదాకా ఒక్క పెద్ద ట్రోఫీ లేదు, ఇదంతా ఫాలో అయ్యేవాళ్లకి తెలిసిందే. సీజన్ అయ్యేసరికి 30 మ్యాచ్‌ల్లో ఓడింది ఒకటే. 75 పాయింట్లు, స్వీడన్ టాప్ లీగ్ ఆల్‌స్వెన్స్‌కాన్‌లో అంతకుముందు ఎవ్వరికీ రానన్ని. దీన్ని అద్భుతం అని పొగిడేసి వదిలేస్తున్నారు, నాకు నచ్చనిది అదే. అద్భుతం అన్నాక ఇక ఎలా జరిగింది అని ఎవరూ అడగరు. కానీ అడగాల్సింది అదే.

2016లో ఈ క్లబ్ మూడో డివిజన్‌లో ఉంది. చేతిలో డబ్బుల్లేవు, నాలుగో డివిజన్‌కి పడిపోవడం చివరి రోజు తప్పింది. అక్కడి నుంచి 2018లో మూడో డివిజన్, 2019లో రెండో డివిజన్ గెలిచి 2020లో పై లీగ్‌కి వచ్చారు, వచ్చిన ఏడాదే ఐదో స్థానం. 2023లో స్వీడిష్ కప్ ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు. కోచ్ ఆండర్స్ టోర్‌స్టెన్సన్ స్కూల్ ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి, అసిస్టెంట్ కార్ల్ మారియస్ ఆక్సుమ్ నార్వే అతను, ఆటగాడు బంతి రాకముందు చుట్టూ ఏం చూస్తాడు అన్నదాని మీద పీహెచ్‌డీ చేశాడు. డబ్బు లేని చోట బుర్ర పెట్టారు, నిజమే. కానీ నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే. 2016లో అంత దెబ్బ తిన్న క్లబ్ అసలు బతికి ఎలా ఉంది? వేరే చోటైతే ఓనర్ తాళం వేసి వెళ్లిపోయేవాడు, లేదా లైసెన్స్ ఇంకో సిటీకి అమ్మేసేవాడు.

అక్కడ అది కుదరదు. స్వీడన్‌లో 51 శాతం రూల్ ఉంది. క్లబ్‌లో బయటి డబ్బు పెట్టుకోవచ్చు గానీ ఓట్లలో మెజారిటీ మాత్రం సభ్యుల సంఘం దగ్గరే ఉండాలి, సభ్యత్వం కట్టిన ప్రతి మనిషికీ ఒక ఓటు, ఏడాదికోసారి మీటింగ్‌లో బోర్డుని నిలదీయొచ్చు, దించేయొచ్చు కూడా. 2013లో ఈ రూల్ ఎత్తేద్దామని గట్టిగా ప్రయత్నం జరిగింది, అభిమానులు ఒక్కో క్లబ్ మీటింగ్‌కీ వెళ్లి ఓట్లేసి నిలబెట్టుకున్నారు. అంతెందుకు, యూరప్‌లో చెప్పుకోదగ్గ లీగ్‌లు దాదాపు అన్నీ వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయాలు సరిచేసే పద్ధతి) పెట్టుకుంటే స్వీడన్ 2024లో వద్దని పక్కన పెట్టేసింది, ఎందుకంటే మాకొద్దు అని క్లబ్ సభ్యులు ఓటేశారు! స్టాండ్‌లో నిలబడి గొంతు చించుకునేవాడి మాట లీగ్ నిర్ణయం అయింది. ఇలాంటిది ఇంకెక్కడన్నా చూశామా మనం? దేశం మొత్తం జనాభా కోటి పైచిలుకు, అంటే మన హైదరాబాద్ అంత.

దీనికి ఒక వాదన ఉంది, ఈ రూల్ వల్లే స్వీడిష్ క్లబ్‌లు పేదగా ఉండిపోయాయి, యూరప్‌లో దెబ్బలు తింటున్నాయి, పెద్ద ఇన్వెస్టర్లు వస్తే లెవెల్ పెరుగుతుంది అని. డబ్బు తక్కువన్నది ఒప్పుకుంటా. కానీ 2023, 2024 వరసగా టైటిల్ కొట్టిన మాల్మోకి మ్యెల్బీ కంటే ఎన్నో రెట్లు డబ్బుంది, 2025లో ఆరో స్థానంలో తేలింది. రూల్ ఇద్దరికీ ఒకటే. ఓటు సభ్యుడి చేతిలో ఉన్నంత మాత్రాన ఆట చెడిపోలేదు, పైగా లీగ్‌లో ఎవరైనా గెలవొచ్చు అన్న ఆశ మిగిలింది.

ఇప్పుడు మన ఊరి సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది, అది కూడా పుణెలో మూతపడ్డ టీమ్ స్థానంలో. పుణె వాళ్ల బాధ గురించి మనం అప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు, ఆ తప్పు మనదే. కోవిడ్ వల్ల సీజన్లు గోవాలో ఆడించారు, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ గెలిచింది కూడా అక్కడే. తర్వాత ఏడాది రెండో స్థానం. ఆ తర్వాత జీతాలు ఆగాయి, ఫారిన్ ప్లేయర్లు వెళ్లిపోయారు, 2023-24లో మొత్తం సీజన్‌కి ఒక్కటే గెలుపు, ఆఖరి స్థానం. ఓనర్లు మారారు. చివరికి 2025లో, సరిగ్గా మ్యెల్బీ టైటిల్ కొట్టిన ఏడాదే, టీమ్ ఢిల్లీ వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీలు వేసుకుని అరిచిన కుర్రాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు, అడగాలన్న రూలే లేదు కాబట్టి. మ్యెల్బీ కష్టం మన టీమ్ కష్టం కంటే చిన్నదేం కాదు, తేడా అల్లా వాళ్ల క్లబ్‌ని తీసుకెళ్లే హక్కు ఎవరికీ లేకపోవడమే.

ఇంకా మండే విషయం ఏంటంటే ఫుట్‌బాల్ మనకి కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌దే. ఆ టీమ్‌కి కోచింగ్ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్కూల్ టీచర్‌గా చేసినవాడే, 1956 ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్‌కి తీసుకెళ్లాడు. స్వీడన్‌లో ప్రిన్సిపాల్ కోచ్ అయ్యాడని ఆశ్చర్యపోతున్నాం, మన రహీమ్ సాబ్ ఆ పని 70 ఏళ్ల కిందటే చేసి చూపించాడు. లేనిది టాలెంట్ కాదు, పిచ్చి కాదు. క్లబ్ మనది అని చెప్పుకోడానికి ఒక కాగితం లేదు.

రేపు హైదరాబాద్‌కి ఇంకో ఫ్రాంచైజీ వస్తుంది, కొత్త లోగో, కొత్త పాట, ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హోర్డింగ్‌లు అన్నీ వస్తాయి. 51 శాతం ఇమ్మంటే ఏ ఓనరూ ఒప్పుకోడు, సరే. కనీసం క్లబ్ పేరు, రంగు, ఊరు, ఈ మూడూ సీజన్ టికెట్ కొన్నవాళ్ల ఓటు లేకుండా మార్చడానికి వీల్లేదని ముందే రాయించుకోవాలి, లైసెన్స్ ఇచ్చేటప్పుడే ఫెడరేషన్ ఆ షరతు పెట్టాలి. అలా రాసిచ్చేదాకా నేను జెర్సీ కొనను, మీరూ కొనకండి.