మహారాజశ్రీ ఎక్స్‌టెన్షన్ వైరు గారికి

మహారాజశ్రీ ఎక్స్‌టెన్షన్ వైరు గారికి, బోడుప్పల్‌లో మూడో అంతస్తులో అద్దెకుండే ఎలక్ట్రిక్ స్కూటర్‌వాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బాల్కనీ గ్రిల్లు మీంచి వేలాడుతూ మీరూ క్షేమమేనని తలుస్తాను. నిన్న రాత్రి మీ ప్లగ్గు ముట్టుకుంటే మాత్రం జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా తగిలింది. అందుకే ఈ ఉత్తరం.

మన పరిచయం 2024 డిసెంబరు నాటిది. ఆ నవంబరు 18 నుంచే తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేశారు. జీఎస్టీ 5 శాతమే. నంబరు ప్లేటు ఆకుపచ్చ. కేంద్రం సబ్సిడీ ఒక్కటే కాస్త చిక్కిపోయింది. 2021లో బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు, అంటే అందులో పట్టే ఒక్కో యూనిట్ కరెంటుకు, 15 వేలు ఇచ్చినవాళ్లు 2023లో 10 వేలు చేశారు, నేను షోరూమ్ మెట్లెక్కేసరికి 5 వేలు. పెళ్లికి ఆలస్యంగా వెళ్లినవాడికి పెరుగన్నమే కదా, తిన్నాను.

ఇన్ని చెప్పినవాళ్లు మీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "ఇంట్లో మామూలు ప్లగ్గు చాలు సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు. చాలు, నిజమే. ప్లగ్గు మూడో అంతస్తులో ఉంది. బండి కింద పార్కింగ్‌లో ఉంది. ఆ రెంటి మధ్య ఖాళీలో తమరు అవతరించారు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దని రాసుంది. మీ మనసు నొచ్చుకుంటుందని ఆ పేజీ మీకు చూపించలేదు.

నా షిఫ్టు అర్ధరాత్రి ఒంటిగంటకు అయిపోతుంది. మెట్రోలో పోవచ్చుగా అనేవాళ్లకు చెప్పండి, అప్పటికి మెట్రో నిద్రపోతుంది. మాదాపూర్ నుంచి ఇల్లు చేరేసరికి రెండవుతుంది. లిఫ్టు పదకొండుకే ఆపేస్తారు. మెట్లెక్కి, చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా బాల్కనీలోంచి మిమ్మల్ని బావిలోకి చేద వదిలినట్టు వదులుతాను. మళ్లీ మెట్లు దిగి బండికి తగిలిస్తాను. మళ్లీ ఎక్కి స్విచ్ వేస్తాను. మళ్లీ దిగి లైటు వెలిగిందో లేదో చూస్తాను. వాచ్‌మన్ కుక్క నన్ను దొంగ అనుకోవడం ఎప్పుడో మానేసింది, పిచ్చివాడనుకుంటోంది. తెల్లారి లేచి చూస్తే రెండో అంతస్తు వాళ్లు మీ మీద తువ్వాలు ఆరేసి ఉంటారు.

దసరాకి మా బావ వచ్చాడు. మిమ్మల్ని చూసి, "ఇందులోంచి వచ్చేది రామగుండం బొగ్గు పొగేగా, ఇక పర్యావరణం ఏంట్రా" అన్నాడు. మాంసం ముక్క నములుతూ అడిగే ప్రశ్నలకు లెక్కలతో జవాబు చెప్పకూడదు, అయినా చెప్పాను. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. దాంతో మంచి స్కూటరు 45 కిలోమీటర్లు పోతుంది. అంతే దూరానికి నా బండి తాగేది యూనిటున్నర, చార్జింగ్‌లో పోయేది కూడా వేస్తే ఇంకొంచెం. బొగ్గు కరెంటే ఎక్కువున్న మన దేశంలో సగటు యూనిట్‌కు 0.7 కిలోల పైమాట. అంటే దాదాపు సగం. "సగమేగా" అన్నాడు బావ. ఆయన బిర్యానీ మాత్రం సగం దగ్గర ఆపలేదు.

మీ వల్ల నాకు జరిగిన నష్టం ఇంకోటుంది, అది ఇంట్లో చెప్పుకోలేనిది. మాకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. బండి రాకముందు నెలకు 170 దాటేది కాదు. మీరొచ్చాక 40 యూనిట్లు పైన పడి 210 అయింది. పైన పడిన పదికి మాత్రమే కట్టమనరు, మొత్తానికీ కట్టాలి. వెయ్యి దాటిన బిల్లు చూసి మా ఆవిడ ఫ్రిజ్‌ను అనుమానించింది. నేను ఫ్రిజ్ వైపే చూస్తూ ఊరుకున్నాను. పెట్రోలుకు 3 వేలు పోసిన రోజులతో పోలిస్తే ఇదీ లాభమే, కానీ జీరో చూసిన కంటికి వెయ్యి ఆనదు.

ఇక అసోసియేషన్. కింద పిల్లర్ దగ్గర ఒక సాకెట్, దానికి సబ్ మీటరు, ఖర్చంతా నాదే అని అడిగాను. ఎలక్ట్రీషియన్‌తో లెక్క కూడా వేయించాను: 2.5 ఎంఎం కాపర్ వైరు, 16 ఆంప్స్ సాకెట్, ఎర్తింగ్, లోడు మించితే దానంతటదే ఆగిపోయే ఎంసీబీ స్విచ్. ప్రెసిడెంట్ గారు భయపడ్డారు. ఆ భయాన్ని నేను వెక్కిరించను. 2022లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో స్కూటర్ల షోరూమ్‌లో లేచిన మంటలకు పైన లాడ్జిలో దిగినవాళ్లు 8 మంది చనిపోయారు. ఆ తర్వాతే బ్యాటరీ పరీక్షలు గట్టిపడ్డాయి. కానీ ప్రమాదమని ఎర్తింగున్న సాకెట్ వద్దన్న పెద్దమనిషి, మూడంతస్తుల నుంచి వేలాడే మిమ్మల్ని రోజూ తలొంచి దాటుకుంటూ పోయి, 40 లీటర్ల పెట్రోలున్న తన కారు అదే పిల్లర్ పక్కన పెడతారు. "వచ్చే మీటింగులో చూద్దాం" అన్నారు. ఆరు నెలలయింది. మీటింగైతే జరిగింది, వినాయకుడి చందా గురించి.

ప్రభుత్వం ఇచ్చిన పన్ను మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంటుంది. మీ ప్లగ్గు అప్పటిదాకా ఉంటుందని నాకు నమ్మకం లేదు. ఒక పక్క పసుపు రంగు తిరిగింది.

ఉప్పల్ వైపు మెరుస్తోంది, చినుకు పడేలా ఉంది. మిమ్మల్ని పైకి లాగేస్తున్నాను. బండి 64 శాతం దగ్గర ఆగింది, మాదాపూర్ వెళ్లి రావడానికి సరిపోతుంది. తువ్వాలు రెండో అంతస్తు వాళ్లకు పొద్దున ఇచ్చేస్తాను.

ఇట్లు,
మూడో అంతస్తు